ఆనపకాయకు కాపలా పెట్టిన ఎనిమిది బ్యాటరీలు

లీలారాణికి కోపమొస్తే గిన్నెలు మోగవు, తలుపులు దడదడలాడవు. చిన్న నోటుపుస్తకం తీసి రాసుకుంటుంది. ఈ చలిదేశంలో, క్లాండాల్కిన్ అనే ఊళ్ళో ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో పదకొండేళ్ళుగా కేరర్ పని. ఎవరు ఎన్నింటికి మందు మింగారో రాసి రాసి చేతికి అదే అలవాటైంది. పోయిన సెప్టెంబరులో ఆ పుస్తకంలో ఒకటే పేరు రాసింది: ఎస్తేరమ్మ. కింద రెండు గీతలు గీసింది, కాగితం చిరిగేటట్టు.

మరి చిరగదా? కోతపండుగ ఆదివారం ఎవరి తొలికాపు వాళ్ళు తెచ్చి ప్రభువు ముందు పెట్టాలి. "ఈ యేడు నా తోటలో తొలి ఆనపకాయ దేవుడిదే" అని లీలారాణి నెల ముందే సంఘమంతా వినేలా చెప్పేసింది. కౌన్సిల్ వాళ్ళు అద్దెకిచ్చిన తోటముక్కలో, చలి తగలకుండా ప్లాస్టిక్ కప్పిన టన్నెల్ లోపల పందిరి వేసి, పసిపిల్లను సాకినట్టు సాకింది. శనివారం వెళ్తే తీగకు తొడిమె మిగిలింది. ఆదివారం పక్క తోటముక్క ఎస్తేరమ్మ నిగనిగలాడే కాయను ఎత్తుకుని బల్ల దగ్గరికి నడిచింది. కాయ మెడ మీద లీలారాణి పందిరి తీగ ఒరుసుకున్న అదే గీత! లీలారాణి వట్టిచేతులతో నిలబడిపోయింది. "పాపం, ఊరికే నోరు జారిందిలే" అని వెనక బెంచీలో ఎవరో గుసగుసలాడారు. తల కొట్టేసినట్టయింది.

బయట నిలదీస్తే ఎస్తేరమ్మ చీర మీద స్వెట్టరు సర్దుకుంటూ, "నేను కోస్తుంటే చూసిందెవరే?" అంది.

అంతే. ఆ మాట లీలారాణి కడుపులో నిప్పు పోసింది. పాటలు చూపించడానికి హాల్లో పెద్ద తెర ఉంది. వచ్చే కోతపండుగకు అదే తెర మీద, అందరూ చూస్తుండగా, కత్తితో సహా దాని మొహం వేయాలి. అలా వేసే దాకా నిద్రపోనని ఒట్టు పెట్టుకుంది.

"ఓ కాయ కోసం ఇంతెందుకే?" అన్నాడు భర్త ఏసుదాసు.

"కాయ కోసం కాదండీ. ఆ మాట కోసం."

ట్రెయిల్ కెమెరా కొన్నది. అడవుల్లో జింకల కోసం చెట్టుకు కడతారు, ఒంటివేడి ఉన్నదేదైనా ముందు కదిలితే తనంతట తానే ఫోటో తీస్తుంది. దానికి ఎనిమిది పెన్సిల్ బ్యాటరీలు కావాలి. ఇంట్లో కొత్తవి ఆరే దొరికాయి. మన ఇళ్ళల్లో బ్యాటరీకి అంత తేలిగ్గా చావు రాదు కదా! రిమోట్లోంచి గడియారంలోకి, అక్కడి నుంచి బొమ్మలోకి, మధ్యమధ్య పంటితో ఓ నొక్కు నొక్కి, ఎండలో పెట్టి మళ్ళీ వాడతాం. ఇక్కడ ఎండేది? రేడియేటర్ మీద పెట్టింది. అలా వేడెక్కిన రెండు రిమోట్ బ్యాటరీలను కొత్తవాటితో కలిపేసింది. మూడో రోజుకు కెమెరా కన్ను మూసింది. ఆ ముసలివి రెండూ కొత్తవాటి సత్తువంతా పీల్చేశాయి. "పాతవీ కొత్తవీ కలపరాదు" అని పుస్తకంలోకెక్కించింది.

తర్వాత అన్నీ కొత్తవి, మామూలు ఆల్కలైన్‌వే వేసి ఖాళీ తోటలోనే కట్టి చూసింది. బాగానే నడిచి, జనవరి మంచుకు చతికిలబడ్డాయి. చార్జింగ్‌వి వేస్తే అసలు మొదటి రోజే కెమెరా సగమే శక్తి ఉందని చూపించింది. ఇక లాభం లేదని, మూడో రకంగా లిథియంవి కూడా తెచ్చి, రకానికి రెండేసి చొప్పున డబ్బాల్లో పెట్టి, ఫ్రీజర్లో చందువా చేపల పక్కన పడుకోబెట్టింది.

"మామ్! చేపల్లో బ్యాటరీలేంటి?" అని కూతురు డెబోరా గగ్గోలు పెట్టింది. "దిస్ ఈజ్ నాట్ గ్రాండ్!" అంది, ఇదేం బాగాలేదని ఇక్కడి యాసలో.

"నోర్ముయ్యవే. అవి పరీక్ష రాస్తున్నాయి."

తెల్లారి మూడు టార్చిలైట్లలో వేసి, యూనిఫాంకు తలకిందులుగా తగిలించుకునే గడియారం చేతిలో పట్టుకుని కూర్చుంది. ఆల్కలైన్ మధ్యాహ్నానికే మసకబారింది. చార్జింగ్‌ది సాయంత్రానికి ఆరింది. లిథియంది మర్నాడు కూడా దేదీప్యమానంగా వెలుగుతోంది. ఖరీదెక్కువ. అయినా మందుసీసాల మీద చూసినట్టే తేదీ చూసి, ఎనిమిదీ ఒకే పెట్టెలోవి కొన్నది. పగకు పిసినారితనం పనికిరాదనుకుంది.

ఆగస్టు నడిమిలో కెమెరాను టమాటా ఆకుల మధ్య కట్టింది. పండుగ ముందు శనివారం మధ్యాహ్నం వెళ్తే కాయ లేదు. లోకంలో కాయ పోయినందుకు గంతులేసిన మనిషి ఆమె ఒక్కతే!

ఇంటికొచ్చి కెమెరాలోని కార్డు తీసి కంప్యూటర్లో పెట్టి చూసింది. చివరి ఫోటోలో కత్తి, కాయ, ఎస్తేరమ్మ. "దొరికావే దొంగమొహమా!" అని చప్పట్లు కొట్టింది. ఎన్నిసార్లు మాటువేసిందో చూద్దామని మొదటినుంచీ తిప్పింది. అక్కడే చెయ్యి ఆగిపోయింది.

ఆగస్టు ఇరవైఒకటి, సాయంత్రం. ఎస్తేరమ్మ చేతిలో తెల్లటి మగపువ్వు, దాన్ని ఆడపువ్వుకు అద్దుతోంది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఆనపపువ్వు పొద్దుగూకే వేళ విచ్చుకుంటుంది. మూసి ఉన్న టన్నెల్లోకి ఏ పురుగూ రాదు, పుప్పొడి చేత్తో అద్దకపోతే పిందె పండి రాలిపోతుంది. ఆ వేళకు లీలారాణి డ్యూటీలో ఉంటుంది. పిందెలు నిలిచింది తన ప్రార్థన వల్లేననుకుంది ఇన్నాళ్ళూ. టన్నెల్ లేని ఎస్తేరమ్మ పందొమ్మిది సాయంత్రాలు వచ్చింది. నీళ్ళు కూడా పోసింది.

లీలారాణికి ఒళ్ళు మండిపోయింది. "చచ్చు బ్యాటరీలు వేసినా బాగుండేది. ఇదంతా ఎవరు తియ్యమన్నారే నిన్ను?" అని కెమెరాను తిట్టింది.

ఏసుదాసు భుజం మీదుగా చూశాడు. "మరి కాయ ఎవరిదే?"

ఆమె పుస్తకం తీసి పందొమ్మిది తేదీలూ రాసుకుంది.

ఆదివారం ఎస్తేరమ్మ కాయతో బల్ల దాకా వెళ్ళగానే లీలారాణి లేచి మైకు తీసుకుంది. తెర నడుపుతున్న డెబోరాకు సైగ చేసింది. తెర మీద పువ్వు, ఎస్తేరమ్మ చెయ్యి. "ఇది నా టన్నెల్లో కాసిన కాయండీ. అక్క రోజూ వచ్చి పువ్వులు అద్దిపెట్టింది." జనం ఆహా అన్నారు. ఫోటోలు ఒకటొకటీ కదులుతున్నాయి. ప్రతిదానికీ తేదీ ఉంది. శనివారం దగ్గరపడేకొద్దీ ఎస్తేరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోతోంది.

నీళ్ళ ఫోటో దగ్గర లీలారాణి చెయ్యెత్తి ఆపించింది. "ఇంకొకటుంది. అది అక్కకు తెలుసు." వెళ్ళి కాయకు రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ మోసుకెళ్ళి బల్ల మీద పెట్టారు. హాలంతా చప్పట్లు. ఎస్తేరమ్మ మాటిమాటికీ తెర వంక చూస్తూనే ఉంది, లీలారాణికి అది హాయిగా కూడా ఉంది.

టీ దగ్గర ఎస్తేరమ్మ లీలారాణి కొంగు పట్టుకుంది. "ఆ ఒక్కటీ చెరిపెయ్యవే. నీకు దణ్ణం పెడతాను."

"చూసిందెవరే అన్నావు కదక్కా, పోయినేడు."

ఎస్తేరమ్మ కొంగు వదిలేసింది.

"వచ్చే యేడు కూడా సాయంత్రాలు రా, పువ్వులు చూసుకో. కాయ మాత్రం ఇద్దరం కలిసి కోద్దాం," అంది లీలారాణి, టీ ఊదుకుంటూ. "ఫోటో ఉంటుంది, కెమెరా కూడా అక్కడే ఉంటుంది. బ్యాటరీలు ఇంకా సగం కూడా అయిపోలేదు."