దాచుకున్న చెయ్యి

ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే. పరాయివాడి ఫోన్ ముట్టుకునే హక్కు ఆమెకు ఎవరిచ్చారు?

సౌదీలోని దమ్మామ్ బస్టాండులో నా పక్క కుర్చీలో కూర్చుంది. బురఖాలాంటి నల్లటి అబాయా, ఒళ్ళో సంచి. నేను వీడియో కాల్‌లో మా బిడ్డ మీద అరుస్తున్నాను. పదో తరగతి పిల్ల. నెల రోజులుగా బడికి పోదు, సరిగ్గా తినదు, గది తలుపు తీయదు.

“నీకేం తక్కువ జేసిన? మనసుల ఏమున్నదో చెప్పు! ఎందుకు దాచిపెడుతున్నవ్?”

“ఏం లేదు బాపూ. మంచిగనే ఉన్న,” అని ముఖం తిప్పుకుంది.

“ఏందన్నా,” అంది పక్కనామె, రాయలసీమ యాసలో. “నీ చెయ్యి నువ్వు దాచిపెట్టుకోని, ఆ పాపను మాత్రం దాచొద్దని అరుస్తాండావే?”

నా కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది. జుబైల్‌లో ఫ్యాక్టరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనిలో కాలింది. ఇంట్లో చెప్పలేదు. కెమెరాకు అందకుండా ఒళ్ళో పెట్టుకున్నాను.

“నీ పని నువ్వు జూస్కో!” అన్నాను, ఒళ్ళు మండిపోయి.

ఆమె చెయ్యి చాపింది. నా ఫోన్‌ను కిందికి వంచి కట్టు చూపించింది. సంచి తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

“ఎప్పుడు కాలింది?” అంది మా బిడ్డ.

“పదిహేను రోజులాయె.”

“మరి రోజూ మంచిగున్న అన్నవ్ గదా!”

నెల రోజుల్లో అది గొంతెత్తి అరవడం అదే మొదటిసారి. చాలాసేపు ఏడ్చింది.

“నేను గూడ గట్లనే అంటున్న బాపూ,” అంది.