క్వారీ మలుపులో ఎర్రగుడ్డ

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలు నోటి నుంచి వచ్చిన రోజు మొదలు నాకు అన్నం సరిగ్గా దిగలేదని రాస్తే బాగుంటుంది. కానీ అదీ అబద్ధమే. అన్నం దిగింది. నిద్ర పట్టింది. పెళ్ళి చేసుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను, నలుగురిలో నవ్వాను. బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. జాలిపడతారని కాదు. జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది, ముందే చెప్పేస్తున్నాను.

అతని పేరు మౌలా. ఇద్దరం పటాన్‌చెరు దగ్గర ఒకే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళం. కొండల్లో, రాళ్ళ మీద తొక్కే సైకిళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీ అది. నేను ఫ్రేములు బిగించే చోట, అతను చక్రాల వంకరలు తీసే చోట. మాది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. మా నాన్న ప్రభుత్వ కర్మాగారంలో పర్మినెంటుగా చేరి, పర్మినెంటుగా రిటైరై, ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుని నన్ను "కాంట్రాక్టోడా" అని పిలిచేవాడు. సరదాకే పిలిచేవాడట. మౌలా వాళ్ళది లక్డారం వైపు. వాళ్ళ నాన్న క్వారీలో పనిచేసి, పేలుళ్ళ మోతకు రెండు చెవులూ పోగొట్టుకున్నాడు.

మౌలా అంటే నాకు మొదటి నుంచీ పడదు. ఏం చేశాడు నన్ను? ఏమీ చెయ్యలేదు. అదే నా మంట. ఎత్తు ఎక్కేటప్పుడు నేను కుక్కలా రొప్పుతుంటే అతను ఈల వేసుకుంటూ పక్కనుంచి దాటిపోయేవాడు. దాటిపోయినవాడు ఊరుకోవచ్చు కదా, వెనక్కి తిరిగి గేరు తగ్గించుకోమని నాకు సలహా ఇచ్చేవాడు. నేను వాయిదాల మీద కొత్త సైకిలు కొనుక్కున్నాను. అతను సూపర్‌వైజర్‌ని అడిగి, పనికిరావని పక్కన పడేసిన భాగాలతో ఒకటి కూర్చుకున్నాడు. దాని మీద నన్ను ఓడించేవాడు. మంచివాడు, మంచివాడు అని అందరూ అనేవాళ్ళు. మంచివాడైతే నాకేంటి? మంచితనం చూపించి నా నెత్తికెక్కమని ఎవరైనా చెప్పారా?

మా కంపెనీ ఏటా ఒక ఆదివారం కొండదారి రేసు పెట్టేది. మెత్తటి రోడ్డు ఎక్కడా ఉండదు. సర్కారు తుమ్మ పొదలు, చెరువు కట్ట, రాళ్ళ గుట్ట, క్వారీ పక్కన ఎర్రమట్టి బాట, మళ్ళీ వెనక్కి. సిటీ నుంచి సరదాకి తొక్కేవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. ఆ ఏడాది మేనేజర్ ఒక మాట ప్రకటించాడు. కంపెనీ వర్కర్లలో ముందు వచ్చినవాణ్ణి టెస్టింగ్ టీములోకి తీసుకుంటాం అన్నాడు. కొత్త సైకిళ్ళు తొక్కి చూసి బాగోగులు చెప్పే టీము అది. అందులో ఉన్నవాళ్ళందరూ పర్మినెంటు. ఆ చోటు మా ఇద్దరిలో ఒకరిదేనని ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. నిజం చెప్పాలంటే అతనిదేనని నాకు తెలుసు.

ఇప్పుడు ఎర్రగుడ్డ సంగతి చెప్పాలి. రేసుకు కొన్నాళ్ళ ముందు ఇద్దరం కలిసి ఆ దారిలో ప్రాక్టీసు చేస్తున్నాం. క్వారీ మలుపు దగ్గర రాళ్ళ కుప్ప మీద ఒక కర్ర, కర్రకు ఎర్రగుడ్డ. నేను పట్టించుకోకుండా పోబోతుంటే మౌలా నా చొక్కా పట్టి లాగాడు. లోపల మందు పెట్టారు, పేలబోతోంది అన్నాడు. నన్ను ఒక బండ వెనక కూర్చోబెట్టి, ముఖం బండకు ఆనించి చెవులు మూసుకోమన్నాడు. కాసేపటికి నేల అదిరింది. గులకరాళ్ళు తుమ్మచెట్ల మీద వడగళ్ళలా పడ్డాయి. తర్వాత ఒకతను వచ్చి గుడ్డ పీక్కుని పోయాడు. మౌలా అప్పుడు వివరంగా చెప్పాడు. కట్టినవాడు తప్ప ఇంకొకడు దాన్ని ముట్టుకోడు. పిల్లలు కూడా దానితో ఆడరు. ముందు చూసి ఆగినవాడు వెనక వచ్చేవాణ్ణి ఆపాలి. ఆర్డరు ఎక్కువుంటే ఆదివారాలు కూడా పేలుస్తారు. వాళ్ళ ఊళ్ళో నడక నేర్చుకునే పిల్లలకే ఇదంతా నేర్పుతారట.

అంటే ఆ రోజు అతను నన్ను కాపాడాడు. అలా కాపాడినందుకు కూడా నాకు అతని మీద కోపమే వచ్చింది. ఇలాంటి మనిషిని మీరు ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి.

ఇనుప లోడు వెనక్కి పొడుచుకొచ్చిన లారీలకు కట్టడానికి మా గేటు దగ్గర ఎర్రగుడ్డలు ఉండేవి. ఒకటి జేబులో పెట్టుకున్నాను. పెట్టుకున్నప్పుడు ఏమనుకున్నాను? ఊరికే అనుకున్నానా? కట్టనులే అనుకున్నానా? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పుకుని, చివరికి ఏ జవాబూ నమ్మలేక, అసలు ఆ ప్రశ్నే అనవసరమని పక్కన పెట్టి, మళ్ళీ మర్నాడు బండి స్టార్ట్ చేస్తూనే అదే ప్రశ్న వేసుకునేవాణ్ణి. ఊరికే అనుకోలేదు. కట్టడానికే తీసుకున్నాను.

రేసు రోజు తెల్లారకముందే వెళ్ళి మలుపులో కర్ర పాతి గుడ్డ కట్టాను. అక్కడ ఒకటే దారి, ఎవరూ తప్పిపోరని నిర్వాహకులు మనిషిని పెట్టలేదు. ఆ రోజు క్వారీకి సెలవని నేను ముందే కనుక్కున్నాను. ఎవరికీ దెబ్బ తగలదు, కాసేపు ఆగుతాడు అంతే, అని సర్దిచెప్పుకున్నాను.

అనుకున్నట్టే మౌలా అందరికంటే ముందు వెళ్ళాడు. అతని వెనక నేను, మా వెనక చాలా దూరంలో మిగతావాళ్ళు. క్వారీ దగ్గరికి వచ్చేసరికి అతని సైకిలు దారికి అడ్డంగా పడేసి ఉంది. బండ చాటు నుంచి చేతులు ఊపుతూ పరిగెత్తుకొచ్చాడు. ఆగమని అరుస్తున్నాడు. నేను పక్కనుంచి దూరి పోయాను. నా చొక్కా అందుకోబోయాడు, వేళ్ళు తగిలాయి, జారిపోయాయి. వెనక్కి చూశాను. అతను బండ వెనక కూలబడి, ముఖం రాతికి ఆనించి, చెవులు గట్టిగా మూసుకుని ఉన్నాడు. నేను చచ్చిపోబోతున్నానని అతను నిజంగా అనుకున్నాడు. నేను సైకిలు దిగకుండానే కర్ర పీకి అవతల పొదల్లోకి విసిరి, గుడ్డ చొక్కాలో దోపుకున్నాను.

గెలిచాను. మౌలా ఆఖరివాళ్ళలో వచ్చాడు. వెనక వచ్చిన ప్రతివాడినీ ఆపాలని చూశాడట, ఎవరూ ఆగలేదట. ఎంతకీ పేలకపోతే చివరికి మలుపు దాకా వెళ్ళి చూశాడట, గుడ్డ లేదట. వచ్చీ రాగానే సైకిలు వదిలేసి నా దగ్గరికొచ్చి, నా భుజాలు, చేతులు తడిమి చూశాడు.

"నీకేం గాలే గద అన్నా?"

నేను ఏం కాలేదన్నాను.

"మలుపుకాడ ఎర్రగుడ్డ ఉండె గద. నా ముందలికెల్లే వోయినవ్, నువ్వు గూడ చూసుంటవ్. జెర సార్‌కు చెప్పు."

మేనేజర్ పక్కనే ఉన్నాడు. మెడలో పూలదండతో నేను నిలబడ్డాను. అప్పుడైనా నోరు మూసుకుని ఉండొచ్చు. చూడలేదు, గమనించలేదు అని తప్పించుకోవచ్చు.

"ఏ గుడ్డ? ఏం లేకుండె," అన్నాను. "ఉత్తగనే భయపడ్డవ్ మౌలా."

ఆ ముక్కలివే. అతను నా ముఖంలోకి చూశాడు. అనుమానంతో కాదు. అనుమానమైనా నయం, నేను తట్టుకునేవాణ్ణి. ఆ గుడ్డను ఒక మనిషి కావాలని కట్టి కావాలని తీస్తాడన్న ఆలోచనే అతని బుర్రలోకి రాలేదు. వాళ్ళ ఊళ్ళో అలాంటి మనిషి పుట్టలేదు మరి. కాబట్టి తన కళ్ళనే అనుమానించాడు. మేనేజర్ క్వారీకి ఫోన్ చేసి, ఈ రోజు పని లేదని కనుక్కుని నవ్వాడు. అందరూ నవ్వారు. మౌలా కూడా చివరికి నవ్వి, చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

మర్నాటి నుంచి ఫ్యాక్టరీలో అతని పేరు ఎర్రగుడ్డ అయింది. క్యాంటీన్‌లో ఎవడో ఒకడు ఎర్ర రుమాలు ఊపడం, అందరూ బల్లల కింద దూరడం. మొదట ఊపింది ఎవరు? నేనే. ఆ సంగతి దాచొచ్చు, దాచాలని కూడా ఉంది. కానీ ఇంత దూరం వచ్చాక మీ దగ్గర దాపరికం ఎందుకు?

కొన్నాళ్ళకు అతని కాంట్రాక్టు అయిపోయింది. మళ్ళీ ఇవ్వలేదు. ఇగ క్వారీకే పోతానని మా వాళ్ళతో అన్నాడట. నేను టెస్టింగ్ టీములో పర్మినెంటు. మా నాన్న కాంట్రాక్టోడా అని పిలవడం మానేశాడు. రేసు సంగతి మహా ఇష్టంగా చెప్పుకునేవాడు, మావాడు గుట్టలన్నీ దాటి ఫస్టు వచ్చాడని. ఆయన చెబుతుంటే నేను లేచి బయటికి పోయేవాణ్ణి. వినయం అనుకునేవాళ్ళు.

తర్వాత ఒక వానాకాలం మౌలా క్వారీలో దెబ్బ తిన్నాడని తెలిసింది. ఎర్రగుడ్డ ఉండగానే మోపెడ్ మీద ముందుకు పోయాడట. తోటివాళ్ళు ఆగి అరిచారు, క్రషర్ మోతలో వినబడలేదు. రాయి వచ్చి కాలి మీద పడింది. సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మోకాలి కింద తీసేశారు.

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అడగకండి. బత్తాయిలు పట్టుకుని వెళ్ళాను, పెద్దమనిషిలా. వాళ్ళమ్మ నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, ఇంత దూరం వచ్చినందుకు దువా చేసింది. మౌలా సన్నబడ్డాడు. నన్ను చూసి నవ్వాడు, పాత నవ్వే. ఆ నవ్వు చూస్తే నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. కాలు పోయినవాడి మీద కూడా మంట ఏమిటి నాకు? గుడ్డ చూసీ ఎందుకు పోయావని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"కనవడ్డది అన్నా," అన్నాడు. "గని ఉన్నదో లేదో సమజ్ కాలే. గప్పుడు గూడ గట్లనే కనవడె గద, ఏం లేకుండె అని నువ్వే చెప్పినవ్. ఇది గూడ నా భయమే అనుకున్న. ఎన్నిసార్లు ఆగి నవ్వులపాలు గావాలె, పోదాం తియ్ అనుకున్న."

చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. పక్కన వాళ్ళమ్మ బత్తాయి ఒలుస్తోంది. మొదటి తొన నా చేతిలోనే పెట్టింది. తిన్నాను. తిని లేచి వచ్చేశాను.

మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు చౌరస్తాలో సైకిళ్ళు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఒంటి కాలి మీద నిలబడి చక్రాల వంకరలు తీస్తాడు. ఈల మాత్రం మానలేదట. నేను ఆ చౌరస్తా తప్పించి చుట్టుతిరిగి ఇంటికి పోతాను. ఇప్పటికీ అతనంటే నాకు ఇష్టం లేదు. తప్పు చేసినవాడికి చివర్లో మనసు మారుతుందని మీరు ఎదురుచూస్తుంటే, నాకు మారలేదు. అతను చెడ్డవాడై ఉంటే నేను ఎంత హాయిగా బతికేవాణ్ణో అని తిట్టుకుంటూనే ఉన్నాను. అతని కాలు తీసింది రాయి కాదు, నేను. ఇంత తెలిసీ ఆ కొట్టు ముందు ఆగలేకపోతున్నాను.

కాబట్టి అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. గుడ్డ ఉంది. నేనే కట్టాను, నేనే తీశాను. అతని కళ్ళకు ఏమీ కాలేదు, ఆ రోజూ కాలేదు, తర్వాతా కాలేదు. క్షమించమని ఎవరినీ అడగను, అడిగే ముఖం లేదు. చెప్పాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.