టోకెన్ పిలిచిన గొంతు

నిన్న పొద్దున ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ వచ్చింది. ప్రవీణ్ అన్న లేడట. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

నమ్మలేదు. ఆయన నంబర్‌కే కాల్ చేశాను. ఎవరో ఏడుస్తూ ఎత్తారు.

సాయంత్రం సమాధి దగ్గర కూడా నాకు నమ్మకం కుదరలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. అన్న మా టీమ్ లీడ్. క్లినిక్‌లలో టోకెన్ నంబర్లు పిలిచే యాప్ మాది. ఒక్కో క్లినిక్‌కి క్లౌడ్‌లో ఒక్కో ఎన్విరాన్‌మెంట్, అంటే ఆ క్లినిక్‌కి మాత్రమే పనిచేసే విడి ఏర్పాటు, ఉండాలి. సౌండ్ ఎంత, ఏ భాష, ఎవరి గొంతు, అన్నీ అందులో సెట్టింగులే. అవి చేత్తో ఒక్కొక్కటి పెట్టడమంటే అన్నకు ఒళ్లుమంట. అంతా కోడ్‌లో రాసిపెట్టాడు. రన్ చేస్తే కొత్త ఎన్విరాన్‌మెంట్ దానంతటదే తయారవుతుంది.

టెస్టింగ్‌కి గొంతు కావాల్సి వస్తే, ఆఫీస్ కింద కారులో అద్దాలెక్కించుకుని కూర్చుని నంబర్లన్నీ తనే రికార్డ్ చేశాడు. చర్చిలో వాక్యం చదివే మనిషి కదా, బరువుగా వచ్చింది.

"అన్నా, డాక్టర్ దగ్గరికి పిలుస్తున్నవా, తీర్పు దినానికా?" అన్నాను.

"నవ్వకు. అసలు గొంతు వచ్చేదాంక నాదే ఉండనియ్యి," అన్నాడు.

ఈ రోజు నాచారంలో, అన్న వాళ్ల గల్లీ చివరి క్లినిక్‌లో మా యాప్ మొదలవ్వాలి. వాయిదా అడిగాం, కుదరలేదు. ఆ క్లినిక్ హాల్లో కూర్చుని అన్న కోడ్ నేనే రన్ చేశాను. గొంతు సెట్టింగ్ ఖాళీగా వదిలేశాను. ఖాళీగా ఉంటే టెస్టింగ్ గొంతే వస్తుందని నాకు తెలియదు.

"టోకెన్ నంబర్ ఒకటి. లోపలికి రండి."

అన్న గొంతు.

హాల్లో మాటలు ఆగిపోయాయి.

అక్కడున్నదంతా ఆ గల్లీవాళ్లే. నిన్న మట్టి వేసి వచ్చినవాళ్లే. ఒకటో టోకెన్ పట్టుకున్న తాత కదల్లేదు.

"పోయినోడు పిలుస్తుంటే ఎట్ల లేస్తం బిడ్డా?" అన్నాడు.

యాప్ రెండో నంబర్ పిలిచింది. ఆ టోకెన్ వాళ్లూ లేవలేదు.

లేచింది ఒక్కరే. అన్న వాళ్ల అమ్మ. రాత్రి నుంచి బీపీ ఎక్కువైతే తీసుకొచ్చారు. ఆమె నంబర్ రావడానికి ఇంకా టైముంది. డాక్టర్ తలుపు పైనున్న స్పీకర్ కింద నిలబడి, "వస్తున్న కొడుకా," అంది.

వెంటనే ల్యాప్‌టాప్ తీసి, క్లినిక్‌ల కోసం రికార్డ్ చేయించిన అమ్మాయి గొంతుకు మార్చాను.

కానీ అన్న కోడ్ ఏ మార్పునీ ఒకేసారి పంపదు. తప్పుంటే మొదటి స్పీకర్ దగ్గరే తెలియాలని, ఒక్కో స్పీకర్‌కి ఆగి ఆగి పంపుతుంది. తలుపు పైన ఆ అమ్మాయి గొంతు వచ్చింది. మళ్లీ ఒకటి పిలిస్తే తాత లోపలికి వెళ్లాడు. అవే నంబర్లను మందుల కౌంటర్ దగ్గరి స్పీకర్‌లో మాత్రం ఇంకా అన్నే పిలుస్తున్నాడు.

అమ్మ గోడ పట్టుకుని నడిచి ఆ స్పీకర్ కింద కూర్చుంది.

"గిది ఒక్కటి ఉండనియ్యి బిడ్డా," అంది.

మధ్యలో ఆపితే అన్నీ వెనక్కి పోతాయి. తలుపు దగ్గర కూడా అన్న గొంతే వస్తుంది. మళ్లీ ఎవరూ లోపలికి వెళ్లరు. అందరూ జబ్బుతో వచ్చినవాళ్లే.

ఆపలేదు. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

ఎనిమిది దాకా అన్న పిలిచాడు.

అమ్మది తొమ్మిది.

ఈ స్పీకర్‌లోనూ ఆ అమ్మాయే పిలిచింది. అమ్మ లేవలేదు.

ఇక వెళ్లిరా అన్నా. దేవుడి దగ్గర నీ ప్రాణానికి నెమ్మది దొరకాలి. అమ్మకు తోడుగా మేమున్నాం.