దేవుడి కోనెం

మేం వలస వచ్చి స్థిరపడ్డ దీవిలో, షాదీపూర్‌లోని మా ప్రార్థన మందిరానికి దేవుడు ఒక్కడే అయినా, రూల్సు పెట్టేవాడు మాత్రం కన్నారావు. డెబ్బైల నాటి మాట ఇది. సముద్రం మీద చేపల వేటకెళ్ళి బతికే మనిషి, సంఘ పెద్ద కాగానే చేపల వాసనతో ఎవరూ ఆరాధనకు రాకూడదన్నాడు. సంఘంలో ముప్పాతిక మంది వేటగాళ్ళమే. అందరం సబ్బులు అరగదీసి మరీ వెళ్ళేవాళ్ళం. ఆయన గొంతుకు భయపడి, అంతే.

ఆయన రూల్సన్నిటిలోకీ గట్టిది కోతల పండుగ రూలు. ఆ రోజు పొలాలున్నవాళ్ళు వడ్లూ గుమ్మడికాయలూ తెచ్చి బల్ల ముందు పెడితే, ఆరాధన అయ్యాక వేలం వేసేవారు. మాకు సముద్రమే పొలం కనుక, పండుగ ముందు పడిన మంచి కోనెం చేప, అదే ఇక్కడి హిందీ బజారులో సురమై అంటారు, దేవుడికిచ్చేవాళ్ళం. ఇది పాత ఆచారమే. కన్నారావు దానికి ఒక తోక తగిలించాడు. ఒకసారి దేవుడిదన్నాక అది మళ్ళీ మన గడప దాటి లోపలికి రాకూడదట. ఈ ముక్క ఏ అధ్యాయంలో ఉందో పాస్టరు గారు కూడా అడగలేదు.

ఆ ఏడు కన్నారావు తల్లి బుల్లమ్మకు జ్వరం వచ్చి తగ్గింది గానీ నోరు చచ్చిపోయింది. గంజి తప్ప ఏదీ దిగడం లేదు, మనిషి చిక్కి సగమైంది. ఆవిడ అడిగింది ఒక్కటే, కోనెం పులుసు. సరిగ్గా పండుగ ముందురోజు కన్నారావు వలలో పెద్ద కోనెం పడింది.

"ఒరే, తోక ముక్కైనా ఎట్టరా," అంది బుల్లమ్మ మంచం మీంచి.

"అది దేవుడిదమ్మా. పడవలోనే ఐసులో ఎట్టినాను. ఎండుసేపలున్నాయి, తిను."

"నమలడానికి నీ పళ్ళిత్తావేటి?"

కోడలు కామమ్మ కూడా బతిమాలింది. "నీకేం మాలూమ్," అని కన్నారావు ఆమె నోరు మూయించాడు. పక్కింట్లోంచి వింటున్న నాకైతే ఒళ్ళు మండింది.

మర్నాడు మందిరంలో బల్ల ముందు ఆ కోనెం పడుకుని ఉంటే, పక్కన కన్నారావు పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. ఇంకెవరైనా కానుకలు తెచ్చారా అని పాస్టరు గారు అడిగారు. వెనక నుంచి కర్ర చప్పుడైంది. కామమ్మ భుజం పట్టుకుని బుల్లమ్మ వచ్చి, కొడుకు చొక్కా పట్టుకుంది.

"పాస్టరుబాబూ, నాకు పొలం నేదు, వల నేదు. ఉన్నది ఈడొక్కడే. ఈణ్ణి దేవుడికిచ్చేసినాను."

పాస్టరు గారు మురిసిపోయి ప్రార్థనకు చేతులెత్తారు.

"ఉండు బాబూ. ఇచ్చేసింది మళ్ళీ మా గడప దాటకూడదంట, ఈడే సెప్పినాడు. ఇక కూడు మీరే ఎట్టుకోండి. రాత్రుళ్ళు గురకెడతాడు, కాస్త ఓర్చుకోండి."

మందిరమంతా గొల్లున నవ్వింది. "వేలంలో ఎట్టండి, కామమ్మ దీదీ పాడుకుంటాది," అన్నాడు మా తోటి వేటగాడు నూకయ్య. కామమ్మ ముసుగు సర్దుకుని పైకప్పు చూసింది.

పాస్టరు గారు నవ్వి, నవ్వు ఆపారు. "కన్నారావూ, తల్లిని సన్మానించమన్నది దేవుడి ఆజ్ఞ. ఈ గడప మాట ఎవరిది?"

అంత గొంతూ ఎక్కడికి పోయిందో. "నాదేనండి," అన్నాడు, మాకు వినీ వినబడకుండా.

"చేప ఇంటికి తీసుకెళ్ళు."

"మరి దేవుడికో?"

"దేవుడికి ఆకలి లేదయ్యా. మీ అమ్మకుంది."

మధ్యాహ్నానికి పులుసు వాసన వీధంతా కమ్ముకుంది. ఒక ముక్క దొరక్కపోతుందా అని నేనూ వెళ్ళాను. చేప లోపలికెళ్ళింది గానీ కన్నారావు గడప బయటే నిలబడి ఉన్నాడు.

"అమ్మా, నేను రావొచ్చా?"

"నిన్నిచ్చేసినాను కదరా." బుల్లమ్మ కంచం వంక చూసుకుంది. "నాకు కళ్ళు ఆనవు. ముళ్ళు తీసెట్టేవోడు కావాల. రా, కూకో."

కన్నారావు వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ముక్క ముక్కా వేళ్ళతో వెతికి వెతికి నోట్లో పెట్టాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు, నాకూ వచ్చాయి. కోనెంలో నడి ముల్లు తప్ప ఏరాల్సిన ముళ్ళే ఉండవు. ఆ సంగతి సముద్రం ఒడ్డున పుట్టిన బుల్లమ్మకు తెలియదా!