బండి వెనక చెయ్యి

పాలు పిండేది చంద్రవ్వే, పేడ ఎత్తేది చంద్రవ్వే, గడ్డి కోసుకొచ్చేదీ చంద్రవ్వే. బర్రెలున్న ఏ ఇంట్లోనైనా ఆడవాళ్లకు ఇవి తప్పవు. చంద్రవ్వకు మాత్రం వీటికి తోడు ఇంకో పని ఉండేది. రోజూ మొగుడి మోటారుసైకిలు వెనక కూర్చుని, బండి కుడికి మళ్లే చోట చెయ్యి చాపాలి. అంతే. ఆ ఒక్క చెయ్యి కోసం మనిషి మొత్తం సిద్దిపేట దాకా పోయి రావాలి.

ముత్తయ్య ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఒక వానాకాలం తడిసిన చెట్టు మీది నుంచి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని కుడి భుజం మళ్లీ లేవలేదు. మోచేతి కింద అంతా బాగానే ఉంది, బండి హ్యాండిల్ పట్టుకోగలడు, బ్రేకు వేయగలడు. చెయ్యి పక్కకు చాపడమే రాదు. కల్లు మానేసి పాలలోకి దిగాడు. ఒక పాత బండి కొని ఇబ్రహీంపూర్ నుంచి సిద్దిపేట హోటళ్లకు పాలు పోయడం మొదలుపెట్టాడు. బండికున్న ఇండికేటర్లు క్యాన్లు తగిలి తగిలి మొదటి నెలలోనే పగిలిపోయాయి. తిరిగొచ్చేటప్పుడు పెద్ద రోడ్డు మీది నుంచి ఊరి దారికి కుడివైపు మళ్లాలి. అక్కడే ఒకరోజు వెనక వస్తున్న లారీ ఖాళీ క్యాన్లను రాసుకుంటూ పోయింది. మర్నాటి నుంచి చంద్రవ్వ గోచి బిగించి, మగవాళ్లలా అటో కాలు ఇటో కాలు వేసి వెనక కూర్చుంది.

నాలుగేళ్లు కూర్చుంది. కోడి కూయకముందే లేచి పిండడం, బండెక్కడం, మధ్యాహ్నానికి పట్టేసిన నడుముతో దిగడం, దిగీ దిగగానే కొడవలి పట్టుకుని గడ్డికి పోవడం. ఒంట్లో బాగాలేదంటే ముత్తయ్య పల్లెత్తు మాట అనడు. బండి తీయకుండా అరుగు మీద కూర్చుంటాడు, లోపల పాలు విరుగుతాయి. అంత మంచి మొగుడితో వేగడం కన్నా తిట్టేవాడైతే నయమని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

ఆమెకు కావలసిందల్లా ఒక్క పగటి నిద్ర. ఎవరూ లేపకుండా, చాప మీద, ఒక్క మధ్యాహ్నం. దేవుణ్ణి కూడా ఆమె ఇంతకు మించి అడగలేదు.

తొంభై మూడు ఎండాకాలంలో ఒకరోజు ఆమె నడుము పట్టుకుని బండి దిగుతుంటే, సిద్దిపేటలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే నాగేశం చూశాడు.

"వదినెను ఇంకెన్నొద్దులు తిప్పుతవు ముత్తన్నా? బండి గీడ పెట్టు, లైట్లు నేను కడ్త."

చెడిపోయిన టేప్ రికార్డర్లలో పాటతో పాటు ఎగిరే కందిగింజంత లైట్లుంటాయి. ఎల్ఈడీలంటారు. నాగేశం వాటిని ఏరి, క్యాసెట్ డబ్బాలలో ఆరేసి చొప్పున గుచ్చి, వైర్లు అతికి, ముందొకటి, వెనకొకటి, క్యాన్లు తగలని చోట కుడివైపు బిగించాడు. ఎడమవైపు తర్వాత చూద్దామన్నాడు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదనుకోండి.

స్విచ్ వేస్తే లైట్లు వెలిగాయి. వెలిగి అలాగే ఉండిపోయాయి. ఆరడం లేదు.

"లైటును ఆర్పి ఎలిగిచ్చే ఫ్లాషర్‌కు గీ గింజలు ఆనుతలేవు. పెద్ద బల్బు మోస్తెనే అది కొట్టుకుంటది," అన్నాడు నాగేశం. వెతికి వెతికి పాత బల్బొకటి తెచ్చి, సీటు కింద మూత వెనక కలిపాడు. అప్పుడు లైట్లు టక్కు టక్కుమని వెలిగి ఆరడం మొదలుపెట్టాయి.

"లోపట గా బల్బు ఎందుకు తమ్మీ?" అని చంద్రవ్వ అడిగింది.

"అది ఎవలకూ కనబడది వదినె. కానీ అది కాలకపోతే ఇవి ఆడయి."

చంద్రవ్వ వంగి ఆ మూతను ఒకసారి చేత్తో తడిమింది.

మర్నాడు ముత్తయ్య ఒక్కడే పోయాడు. గడ్డి పొద్దున్నే కోసి పెట్టుకుని, మధ్యాహ్నం చంద్రవ్వ చాప పరిచింది. కన్ను మూతపడుతుండగానే బండి చప్పుడైంది.

"లారీ ఆగింది," ముత్తయ్య ముఖం వెలిగిపోతోంది. "లైటు సూసి డ్రైవరు ఎనుకనే ఆగిండు. ఇగ సూడు, నువ్వు కూసునే జాగ ఖాళీ అయింది గదా, ఇంకో రెండు క్యాన్లు పడ్తయి. నారాయణరావుపేటల ఒక బర్రెను సూసొచ్చిన. ఎల్లుండి తోల్కొస్త."

ఆమెకు మేలు చేస్తున్నాననే అతని నమ్మకం. చంద్రవ్వకు మాత్రం రాబోయే బర్రె కన్నా ముందు దాని పేడ కనబడింది.

ఆమె లేచి చాప చుట్టేసింది.

ఆ సాయంత్రం పాలు పిండుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

తెల్లవారి ముత్తయ్య బండి స్టార్ట్ చేసేసరికి గోచి బిగించుకుని వచ్చి వెనక ఎక్కి కూర్చుంది.

"లైట్లున్నయి గదనే. నువ్వెందుకు?"

"నేను కూసుంటే గీడ ఒక్క క్యాను గూడ పట్టది. గందుకే."

ముత్తయ్య గేరు వేసి బండి కదిలించాడు. బర్రె మాట మళ్లీ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో ఊరి దారి దగ్గర లైట్లు కొట్టుకున్నాయి, వెనక లారీ నెమ్మదించింది. చంద్రవ్వ చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. మలుపు దాటేసరికి ఆమె తల మొగుడి లేవని భుజం మీద వాలింది. బరువు తెలిసి ముత్తయ్య వెనక్కి తిరగబోయి ఆగాడు. ఇల్లు చేరేదాకా రెండో గేరు దాటలేదు.