కాజాలక్క ఒకటో నంబరు పాట

మా వదిన పాటంటే చెవి కోసుకుంటుంది. వదిన అంటే మా ఆయనకి సొంత అక్క. ముప్ఫై ఏళ్లుగా చొక్కాలకు కాజాలు కుట్టడమే ఆమె పని. మేం పనిచేసే గదిలో అందరూ ఆమెను కాజాలక్క అంటారు, ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన కటింగ్ మాస్టారు కూడా. ఆమె మిషన్ పక్కనే స్టూలు వేసుకుని, తయారైన చొక్కాల మీద మిగిలిన దారప్పోగులు కత్తిరించడం నా పని. ఇంట్లోనూ వదినే, పనిలోనూ వదినే. ఈ మాట ఆమె ముందే అంటాను. "ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో నీకు" అంటుంది ఆమె.

మాది రెండో అంతస్తులో పొడుగాటి గది. పదహారు మిషన్లు, మధ్యలో నడవడానికి సన్నటి దారి, ఆ చివర తలుపు దగ్గర మాస్టారి కటింగ్ బల్ల, ఈ చివర గోడకి ఒక స్పీకరు. పొద్దున తొమ్మిదికి మొదలైతే సాయంత్రం దాకా అది మోగుతూనే ఉంటుంది. ఏ పాట పెట్టాలో కాజాలక్క ఇష్టం. ఆ అధికారం ఆమెకి ఎవరూ కట్టబెట్టలేదు. స్పీకరు వచ్చిన రోజున దాన్ని ఫోనుకు కలపడం ఆమె ఒక్కదానికే చేతనైంది, అధికారం అలా ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఇంట్లో ఆమె పాట వినదు. పాట అనేది చేతులు ఆడుతుండగా వినాల్సిందే తప్ప ఊరికే కూర్చుని వినేది కాదని ఆమె సిద్ధాంతం. కొత్త పాట వస్తే పెడుతుంది, కుడుతుంది, మళ్లీ పెడుతుంది. మూడు వందల కాజాల దాకా విసుగు పుట్టకపోతే మిషన్ పక్కన సుద్దతో ఒక గీత గీస్తుంది. డిసెంబరు రాగానే ఆ గీతలన్నీ లెక్కబెట్టి, చొక్కా మడతలో పెట్టే అట్ట మీద పది పాటలు వరసగా రాసి తన వెనక గోడకి అతికిస్తుంది. అది ఆ ఏటి మేటి పాటల జాబితా. దానికి తిరుగులేదు.

తిరుగులేకపోవడం ఆమె వైపు నుంచి. అవతలి గోడ మీద ఇంకో జాబితా ఉంటుంది. పత్రికలో పాటల మీద రాసే ఒకాయన ఏటా డిసెంబరు రెండో వారంలో ఆ ఏటి మంచి ఆల్బమ్‌లు పది, మంచి పాటలు పది ప్రకటిస్తాడు. మా వదిన ఆయనకు మార్కుల పంతులు అని పేరు పెట్టింది. మాస్టారు ఆయనకు వీరభక్తుడు. బట్ట కత్తెరతో ఎవరైనా కాగితం ముట్టుకుంటే చేతులు విరుస్తాననే మనిషి, ఆ జాబితా వచ్చిన రోజున మాత్రం ఆ బట్ట కత్తెరతోనే దాన్ని నాలుగు వైపులా తిన్నగా కత్తిరించి తన బల్ల వెనక అతికిస్తాడు.

ఇక ఆ రోజు నుంచి నెలాఖరు దాకా మా గదిలో పని జరిగినట్టే ఉంటుంది, నోళ్లు మాత్రం వేరే చోట ఉంటాయి. కాలర్లు కుట్టేవాళ్లు వదిన పార్టీ. ఇస్త్రీ వాళ్లు మాస్టారి పార్టీ. నాకు వేరే పార్టీలో చేరే స్వేచ్ఛ లేదు, రాత్రి అన్నం ఒకే ఇంట్లో తినాలి.

ఈసారి గొడవ మామూలుగా లేదు. పంతులు ఒకటో స్థానం ఇచ్చిన పాట పందొమ్మిది నిమిషాలు. అందులో డోలు లేదు, డప్పు లేదు, చివరికి చిటికె కూడా లేదు. ఎవరో తాళంచెవి మరిచిపోయి గుమ్మంలో నిలబడి ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. వదిన దాన్ని ఒకే ఒక్కసారి పెట్టి, ఆరో నిమిషంలో తీసేసింది.

"ఇదేం పాట మాస్టారూ. సగం కాజా కుట్టి వదిలేసినట్టుంది."

"వినాలంటే ఓపికుండాలి కాజాలక్కా."

"నా ఓపిక గురించి మీరు చెప్పాలా? రోజుకి ఐదొందల కాజాలు కుడతాను."

వదిన ఒకటో నంబరు 'నాలుగో మెట్టు'. ఎవరో బొంగురు గొంతు అమ్మాయి పాడింది. ఏడాది పొడుగునా మా గదిలో రోజుకు పదిసార్లు మోగింది. ఆ పాటలో ఒక దరువుంది. పల్లవిలో 'మెట్టు' అనగానే దబ్ మని ఒక దెబ్బ. ఆ తర్వాత ఊపిరి బిగబట్టినంత సేపు ఇంకేం ఉండదు. అప్పుడు, ఇక రాదేమో అనుకునేసరికి, టక్. ఆ టక్ పడగానే కాలర్ల వాళ్లందరి తలలూ ఒక్కసారి ఊగేవి. నాదీ ఊగేది, అబద్ధమెందుకు. పంతులు ఆ పాటను పదింటిలో కాదు కదా, చివర చిన్నక్షరాల్లో వేసే నలభైలో కూడా చేర్చలేదు. వదిన అగ్గి మీద గుగ్గిలమైంది.

అదే వారం రేడియోలో ప్రకటన వచ్చింది. పంతులు స్వయంగా వస్తాడట. ఆయన జాబితా నచ్చనివాళ్లు ఉత్తరం రాస్తే ఇద్దరిని పిలుస్తారు, ఎదురుగా కూర్చుని వాదించవచ్చు. వదిన చెబుతుంటే నేను రాశాను. సగం తిట్లు నేనే మింగేసి మిగిలింది పంపాను. పిలుపు వచ్చింది.

ఆ కబురు విని మాస్టారు సుద్ద కింద పెట్టి, "ఆయన చేత ఆ పాట బాగుందని అనిపించండి, ఈ జన్మలో నేను జాబితా అతికించను" అన్నాడు.

"అనిపించలేకపోతే ఏడాదంతా స్పీకరు మీది" అంది వదిన.

పదహారు మిషన్లూ ఆగిపోయాయి. ఏడాదంతా మాస్టారి పాటలంటే, ఏడాదంతా గుమ్మంలో నిలబడి తాళంచెవి వెతుక్కోవడమే. కాలర్ల పిల్ల ఒకతి నా చెవిలో, "మీ వదినని ఎలాగైనా గెలిపించండి, లేకపోతే నేను పని మానేస్తాను" అంది.

రేడియోకి వెళ్లే బస్సులో వదిన ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మాట్లాడింది. "పందెం సంగతి సరేనే. ముప్ఫై ఏళ్లుగా వింటున్నాను. నా చెవి మంచిదని బయటివాడు ఒక్కడు, ఒకే ఒక్కడు అనాలని ఉంది. మన గదిలో వాళ్లు అంటే అది నా నోటికి భయపడి." నాకు జాలేసింది. ఆమె మీద జాలిపడే అవకాశం నాకు ఏడాదికి ఒకసారి కూడా రాదు.

స్టూడియో గోడలకు మెత్తలు కొట్టి ఉన్నాయి. అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు, నా గాజులు కదిలితే నాకే సిగ్గేసింది. మార్కుల పంతులు బక్కపలచటి మనిషి, జలుబు చేసి ఉన్నాడు, లేచి నిలబడి వదినకి కుర్చీ జరిపాడు. ఆయన మంచివాడు కావడం వదినకి అస్సలు నచ్చలేదు. పిలుపు అందుకున్న రెండోవాడు ఒక బస్సు డ్రైవరు.

వదిన మొదలుపెట్టింది. దబ్ గురించి చెప్పింది, ఆ ఖాళీ గురించి చెప్పింది, టక్ గురించి చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే డ్రైవరు తన పాట సంగతి మరిచిపోయి వింటున్నాడు. పంతులు తన కాగితాలు తిరగేశాడు.

"అలాంటి దరువు నేను వినలేదండి" అన్నాడు.

"అదేనండి మా బాధ" అంది వదిన.

అందరూ నవ్వారు. కార్యక్రమం నడిపే అమ్మాయి పాట పెట్టింది. మేం నలుగురం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాం. బొంగురు గొంతు వచ్చింది. పల్లవి వచ్చింది. 'మెట్టు' వచ్చింది.

దబ్ రాలేదు.

ఖాళీ ఉంది కాని, దాని చివర టక్ కూడా లేదు. పాట తన దారిన తాను పోయింది. రెండోసారి పల్లవి వచ్చింది, మళ్లీ అంతే. "ఇది వేరే రికార్డాండీ?" అంది వదిన. కాదంది ఆ అమ్మాయి, ఉన్నది ఇదొక్కటే.

ముందు నాకు అర్థమైంది. రోజంతా ఆ మిషన్ పక్కన కూర్చునేదాన్ని నేనే కదా. కాజా మిషన్ పెడల్ తొక్కగానే ఇనప పాదం బట్ట మీదకి దబ్ మని దిగుతుంది. సూది గిర్రున చుట్టూ కుట్టి వస్తుంది. చివర్లో చిన్న కత్తి పడి మధ్యన టక్ మని చీలుస్తుంది. ఏడాది పొడుగునా మేం తల ఊపింది దానికి. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చెంగు నోట్లో కుక్కుకున్నాను, అది ముక్కులోంచి బయటికొచ్చింది. వదిన నావైపు చూసింది. నా ముఖం చూసి ఆమెకీ అర్థమైపోయింది.

ఆ అమ్మాయి మంచిది. "ఒక్కో స్పీకర్లో ఒక్కోలా వినిపిస్తుంది లెండి" అని సర్దబోయింది. వదిన దానికి తల ఊపి ఊరుకుంటే సరిపోయేది, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మా స్పీకరు మీదకి తోసేసి బయటపడేది.

"కాదండి. అది మా కాజా మిషన్" అంది వదిన. "ఒట్టి పాటగా వింటే ఇది అంత లేదు. నా జాబితాలోంచి తీసేస్తున్నాను."

డ్రైవరు బల్ల మీద వాలిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. పంతులు నవ్వబోయి తుమ్మి, తుమ్మబోయి నవ్వి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. డ్రైవరు కళ్లు తుడుచుకుని, "అమ్మా, నాకు భయమేస్తోంది, నా పాట కూడా ఒకసారి పెట్టండి" అన్నాడు. పెట్టారు. పాడినవాడి గొంతులో వణుకుందని అతను దానికి ప్రాణం పెట్టేవాడట, ఆ వణుకు అందులో లేదు. అది రెండో గేరులో బస్సు వణుకు.

ఇక వింటున్నవాళ్ల దగ్గర్నుంచి ఫోన్లు ఆగితే ఒట్టు. ఒకావిడ తన పాటలో సరిగ్గా చరణం చివర వచ్చే ఈల తన కుక్కరుదేమోనని అనుమానంగా అడిగింది. ఒక మంగలాయన తను పదేళ్లుగా మెచ్చుకుంటున్న శ్రుతి జుట్టు కత్తిరించే మిషన్‌దని ఇప్పుడే తేలిందన్నాడు. తలుపులు వేసుకుని, కళ్లు మూసుకుని వింటానని చెప్పిన పంతులు ఒక్కడే ఆ రోజు ఏ మిషనూ లేని మనిషిగా మిగిలిపోయాడు. పాపం, కొంచెం చిన్నబోయినట్టు కూడా కనిపించాడు. అరగంట కార్యక్రమం గంట దాటింది.

తిరుగు బస్సులో నేనింకా నవ్వుతున్నాను. వదిన నవ్వలేదు. "నాది చెవి కాదే, చెక్క. ముప్ఫై ఏళ్లుగా ఏం విన్నానో నాకే తెలీదు" అంది. నా నవ్వు ఠక్కున ఆగిపోయింది. కిటికీ అద్దం మూశాను.

మర్నాడు గదిలో అందరూ రేడియో విన్నవాళ్లే. వదిన ఎవరివైపూ చూడకుండా ముందు తన అట్ట పీకేసింది, తర్వాత నడవ పొడుగునా నడిచి మాస్టారి బల్ల మీద ఫోను పెట్టింది.

"మాట మాటే మాస్టారూ. ఏడాది మీది."

మాస్టారు ఫోను ముట్టుకోలేదు. "మిషన్‌కి పాట వచ్చా కాజాలక్కా?"

"ఎగతాళి చేయండి, మీ వంతు."

"ఎగతాళి కాదు, అడుగుతున్నా. మిషన్‌కి పాట రాదు కదా. మరి 'మెట్టు' అన్నచోటే ఎందుకు దిగింది అది? ఒకసారి కాదు, ఏడాదంతా. టక్ కూడా ఆ ఖాళీ చివరే ఎందుకు పడింది? పెడల్ తొక్కే కాలు ఎవరిది?"

వదిన తల దించి తన కాలు వైపు చూసుకుంది.

"నా బల్ల దూరం. నాకు పాట వేరుగా, మిషన్ వేరుగా వినబడతాయి. ఫిబ్రవరి నుంచీ తెలుసు నాకు" అన్నాడు మాస్టారు.

"తెలిసీ చెప్పలేదా?"

"చెబితే కాలు మీద ధ్యాస పెడతారు. ధ్యాస పెడితే చెడిపోతుంది. ఆ పాటకి నేనూ మార్కులివ్వను. మీరు వాయించినదానికి ఇద్దామంటే, అది ఏ ఆల్బమ్‌లోనూ రాలేదు."

"మరి తెలిసి తెలిసి నన్ను అంతమందిలో..."

"పందెం గెలవాలి కదా. నాకు స్పీకరు కావాలి."

అప్పుడు ఫోను తీసుకుని ఆ పందొమ్మిది నిమిషాల పాట వెతికాడు. కాలర్ల వాళ్ల ముఖాలు వేలాడిపోయాయి.

"దాంట్లో దరువు లేదు మాస్టారూ" అంది వదిన.

"లేదు. అందుకే" అన్నాడు. పదిహేనేళ్లలో బల్ల వదిలి ఇటు రాని మనిషి, తన స్టూలు మోసుకుంటూ వచ్చి నా స్టూలు పక్కన వేసుకుని కూర్చున్నాడు.

పాట మొదలైంది. వదిన చొక్కా పాదం కింద పెట్టి, కాలు ఎత్తి, ఆలోచించి తొక్కింది. దబ్ ఎక్కడో పడింది, టక్ ఇంకెక్కడో. రెండోదీ అంతే. మూడోది మరీ ఘోరం. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాలు వైపే చూస్తోంది. మాస్టారు చెప్పిందే జరిగింది, ధ్యాస పడిపోయింది.

నాకు తోచింది ఒకటే. "వదినా, మొన్న మీ తమ్ముడికి మీరు కొన్న స్వెటర్ ఉందే, అది నేను వేణ్నీళ్లలో ఉతికాను. పిల్లాడి సైజుకొచ్చింది" అన్నాను.

"ఏంటీ?"

నిజానికి అది భద్రంగా బీరువాలోనే ఉంది. వదిన మొదలుపెట్టింది. ఉన్ని బట్ట ఉతకడం రాని దాన్నీ, నన్ను చూసి తెచ్చుకున్న తమ్ముణ్నీ, నన్ను పెంచిన మా అమ్మనీ, ఒక్కరినీ వదల్లేదు. చేతులు వాటంతట అవి చొక్కాలు తిప్పుతున్నాయి. పాటలో ఆ గొంతు మెల్లగా పైకి వెళ్లి ఆగింది. దబ్. గదంతా ఊపిరి బిగబట్టింది. టక్. మళ్లీ దబ్.

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. నేను వంచిన తల ఎత్తకుండా, ఇంకా పదిహేను నిమిషాల పాట మిగిలి ఉందని లెక్క వేసుకుని, "మీ పచ్చ ఉన్ని శాలువా కూడా ఉతికాను వదినా" అన్నాను.