కుదరని నోరు

మా అమ్మాయి బొమ్మల క్లాసుకని పెన్సిళ్లు చెక్కుకుంటుంటే, ఆ చెక్కపొట్టు వాసనతోపాటు బ్రాడీపేటలోని ఈ ఇరుకు ఫ్లాట్‌లో నాకు ఎండుమిరప ఘాటు కూడా తగులుతుంది. మా ఊళ్లో కళ్లాల నిండా కాయలు ఎర్రగా ఆరే రోజుల్లోనే, చనిపోయిన తాతయ్య ముఖాన్ని పెన్సిలుతో వెతికారు.

అప్పటికి మా పొలాలు చాలావరకు చేతులు మారాయి; ఒకప్పుడు పత్తి నడుములోతు పోసిన వసారాలో గాలి తిరుగుతోంది. అయినా సంవత్సరీకం నాటికి హాల్లో తాతయ్య రంగుల పటం ఉండి తీరాలని నాయనమ్మ పట్టుబట్టింది. ఫోటో లేదు. కెమెరా ముందు కూర్చోవడం ఆయనకు నామోషీ. పెళ్లినాటి ఒక్కదాన్నీ చెదలు తినేశాయి.

అద్దంకిలో షాపుల బోర్డులు రాసే మస్తాన్ గారిని పిలిపించాం. ఆయన రంగుల జోలికి పోకుండా, ఒక కాగితం మీద ఒట్టి కళ్లు, ఇంకోదాని మీద ఒట్టి ముక్కు వేసి, అందరికీ చూపించి, చెరిపి, మళ్లీ వేసేవారు. చెవులు నాన్నవి చూసి వేశారు, నుదురు నాది. పదేళ్లదాన్ని, స్టూలు మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటే, కళ్లంలోంచి ఘాటు వచ్చి దగ్గు పొంగుకొచ్చేది.

“కదలమాకమ్మా, మీ తాతగారు జారిపోతన్నారు,” అనేవారాయన.

నీడల్ని వేలితో అద్దుతూ అద్దుతూ నాలుగు రోజులకి ముఖమంతా కుదిర్చారు, నోరు తప్ప. నాన్న చెప్పినట్టు వేసినా అతకక, నాయనమ్మని అడిగారు.

“నేనెప్పుడు చూశాను నాయనా ఎదురుగా? ఆయనొస్తే తలొంచుకుని నిలబడేదాన్ని. పాదాలడుగు, చెబుతా.”

చివరికి ఆమే కోటయ్యకు కబురు పెట్టింది. ముప్పై ఏళ్లపాటు రోజు విడిచి రోజు తాతయ్యకు గడ్డం గీసిన కోటయ్య, పెరటి అరుగు దాటి ఎన్నడూ లోపలికి రాలేదు. మా ఇంటి పద్ధతి అది. ఆరోజు నాయనమ్మ హాల్లో కుర్చీ చూపించింది. అతను అంచున కూర్చుని, కళ్లు మూసుకుని, గాల్లో కత్తి ఆడించినట్టు వేళ్లు కదిపాడు.

“పైపెదవి పల్చనండి. నేను ఊరి కబుర్లు చెబుతుంటే నవ్వాపుకునేవారు, అప్పుడు కుడిపక్క అంచు అదిరేది. కత్తి ఎత్తేసేవాణ్ణి. తెగిందంటే ఆ పూట నాకు కాఫీ లేదండి.”

“నవ్వేవారా?” అంది నాయనమ్మ.

మాలో ఎవరికీ తెలియదు.

మస్తాన్ గారు ముఖాన్ని రెండు కాగితాల మీద వేశారు. ఒకదాంట్లో నోరు గట్టిగా మూసి ఉంది, రెండోదాంట్లో నవ్వు ఆగీ ఆగనట్టుంది. ఆ రెండోదాన్ని చూస్తూనే కోటయ్య చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. ఏది పటానికి వేయమంటారని మస్తాన్ గారు నాయనమ్మని అడిగారు.

“గోడకి మూసిందే వెయ్యి,” అంది. “ఆ రెండో కాయితం నాకియ్యి.”

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, కళ్లాలు ప్లాట్లయ్యాయి, కోటయ్య పోయాడు. పటాన్ని మాత్రం ఇక్కడ తగిలించాను. వచ్చినవాళ్లు ఆ గంభీరమైన ముఖం చూసి ఒక్క క్షణం గొంతు తగ్గిస్తారు. నాయనమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో చీరల అడుగున ఆ కాగితం దొరికింది. కళ్లు, ముక్కు, నా నుదురు చెక్కుచెదరలేదు. పెదవులు ఉండాల్సిన చోట, ఎన్నేళ్లో వేలితో తడిమి తడిమి, గీతలన్నీ చెరిగిపోయి, నున్నటి బూడిదరంగు మరక ఒకటి మిగిలింది.